కలుపుగోలు ఊరేగింపు

ఊరేగింపు పక్కన కదలకుండా నిలబడ్డవాళ్లు అందులో కరిగిపోవడం గుమ్మడివాడ మునిసిపాలిటీలో మామూలే కాబట్టి, సున్నపుబట్టీల వీధి జనం బయల్దేరేముందు బుద్ధిగా కలుపుగోలు శాఖ అనుమతి తీసుకున్నారు.

వాళ్లు అడగబోయేది ఒక్కటే. మురుగుకాలవలో మంచినీళ్ల పైపు పగిలి, కుళాయిలో గంగమ్మకు బదులు గబ్బమ్మ వస్తోంది. ఆ నీళ్లు తాగి పల్లా వరహాలు కూతురు చిట్టి జ్వరంతో ధర్మాసుపత్రిలో పడింది. పైపు మార్చేదాకా పిల్లని ఇంటికి తీసుకెళ్లొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. అందుకే అందరికంటే ముందు వరహాలు నిలబడ్డాడు.

"మునిసిపాలిటీ ఆఫీసు మా ఈది ఎనకాలే గదండీ. బజారంతా సుట్టి రావాలేటండి?" అని శాఖాధికారి పరబ్రహ్మంగారిని అడిగాడు.

"చిన్న గుంపు చిక్కగా ఉంటుంది నాయనా. చిక్కగా వస్తే మాకు చిక్కు. పలచబడి రావాలి, అదీ రూలు," అని ఆయన ముద్ర గుద్దారు.

"పైపు మార్చాలి!" అని అరుచుకుంటూ వీధి జనం బజారులోకి వచ్చారు. అక్కడ ఊరేగింపు అంచులు రూలు ప్రకారం సుడులు తిరిగాయి. పెద్ద సుడి బస్టాపు జనాన్ని మొత్తంగా మింగింది. చిన్న సుడులు టీకొట్టు దగ్గరవాళ్లని ఒక్కొక్కళ్లనే కొరుక్కు తిన్నాయి. మంగలిషాపు గుమ్మంలో వింత చూస్తున్న పెద్దమనిషి, ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో వచ్చి కలిశాడు. ఆయన వెనకే కత్తితో మంగలి. లోపలికొచ్చాక తాము బయట నిలబడి ఉండేవాళ్లమన్న సంగతి ఎవరికీ గుర్తుండదు గనక, ఫిర్యాదులేమీ రాలేదు.

వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. "బస్సు రావాలి!" అని కొందరు, "టీలో పంచదార పెంచాలి!" అని కొందరు. ఊరేగింపు ఎంత ఒళ్లు చేసిందో అంత ఒళ్లు బరువెక్కింది; నడక కాస్తా నెమరువేత అయింది.

వరహాలుకి ఒళ్లు మండిపోయింది. "ఎవుల్రా మీరంతా? నా పిల్ల సచ్చిపోతాదిరా! పైపు అనండ్రా!"

"అలాగే బావూ, పైపు!" అన్నాడు నురగాయన సౌమ్యంగా. "మరి నా చెంపో?"

ఆఫీసు ముందు కమిషనరు గారు బాల్కనీలోకి వచ్చి, పద్ధతి ప్రకారం ఆ గోలలోంచి ఒక గ్లాసుడు ముంచి, వెలుతురుకి ఎత్తి చూశారు. పైపు ఆనవాళ్లు కనబడలేదు. బస్సూ పంచదారా కూడా ఒకదాన్నొకటి విరిచేసుకున్నాయి. అడుగున తేరింది ఒక్కటే: ఏదో ఒకటి కావాలి.

"మంజూరు," అన్నారాయన. "ఏదో ఒకటి ఇస్తున్నాం. ఊరి మొదట్లో స్వాగత ఆర్చి."

జనం చప్పట్లు కొట్టారు. వరహాలు పిడికిలి బిగించి, "పై..." అని మొదలుపెట్టేసరికి ఓ సుడి అతన్ని గిర్రున తిప్పింది. నోట్లోంచి "రెండో చెంప గియ్యాలి!" అని వచ్చింది. కోపం మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అది దేనిమీదో తెలియలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి చప్పట్లు కొట్టాడు.

తిరుగుదారిలో ధర్మాసుపత్రి వచ్చింది. వరహాలు భార్య రాములమ్మ పిల్లని చంకనేసుకుని గేటు బయట ఎదురుచూస్తోంది.

"ఏటన్నారు? పైపు మారుస్తారంటనా?"

"ఆర్చి ఇస్తన్నారే!" అన్నాడు వరహాలు మొహం విప్పార్చుకుని.

"ఆర్చేటి? పిల్ల ఒల్లు పెనంలా కాల్తంది. పట్టుకు సూడు!"

"అదే మరి. ఆర్చి కింద బోల్డంత నీడుంటాది."

రాములమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నచోటనే కొయ్యబారిపోయింది. ఊరేగింపు అంచు మెల్లగా వచ్చి ఆవిడ చీరకుచ్చెళ్లని తాకింది. మొగుణ్ణీ, మునిసిపాలిటీనీ కలిపి దులిపెయ్యడానికి ఆవిడ నోరు తెరిచింది.

చంకలో చిట్టి అప్పటికే చప్పట్లు కొడుతోంది.