నదిలేని ఊళ్ళో రోయింగ్ కోచ్

ఎల్డర్‌బ్రూక్ కాలేజీ చరిత్రలో అది సువర్ణాక్షరాలతో రాయదగ్గ రోజు. అయోవా మొక్కజొన్న చేల మధ్య, తొమ్మిది వందల మంది చదివే ఆ కాలేజీ ప్రెసిడెంట్ విట్‌కాంబ్ గారు జిమ్‌లో అందర్నీ సమావేశపరిచి ప్రకటించారు: "ఇక మనకు ఇద్దరు కాదు, ఎనిమిది మంది అసిస్టెంట్ కోచ్‌లు!"

ఆ ఇద్దరిలో ఒకతె మార్నా టోలెఫ్‌సన్. తీగకు కట్టిన ఇనుపగుండును గిరగిరా తిప్పి విసిరే హ్యామర్ త్రో నేర్పుతుంది. జీతం ఏడాదికి పద్దెనిమిది వేల డాలర్లు. జట్టు బస్సు తోలేదీ, జెర్సీలు ఉతికేదీ ఆమే. అది చాలక, తెల్లవారుజామున బేకరీలో డోనట్లు వేయిస్తుంది. ఆమె దగ్గర నేర్చుకునే ఓడెట్ అనే అమ్మాయి ఇంకో మూడడుగులు దూరం విసిరితే జాతీయ పోటీలకు వెళ్తుంది. కొత్తవాళ్ళొస్తే ఆ పిల్లకు ఇంకాస్త సమయం ఇవ్వొచ్చని మార్నా సంబరపడింది.

"ఆ ఆరుగురూ ఎప్పుడొస్తారండీ?" అని క్రీడల డైరెక్టర్ రస్ గెర్‌హార్ట్‌ని అడిగింది.

"వచ్చేశారమ్మా," అంటూ ఆయన నాలుగు బ్యాడ్జీలు ఆమె చేతిలో పెట్టారు. త్రో, సాఫ్ట్‌బాల్, ఈత, రోయింగ్. మిగతా నాలుగూ రెండో కోచ్ డెస్మండ్ జేబులోకి అప్పటికే వెళ్ళిపోయాయి.

"రోయింగా? పడవ నడపడానికి మన ఊళ్ళో నదే లేదు కదండీ!"

"అందుకే కదా, నీకు పనిభారం ఉండకూడదని ఇచ్చాను."

"మరి జీతం?"

"హోదా నాలుగింతలైంది. అన్నీ ఒక్కసారే పెరిగితే మనిషి తట్టుకోలేడమ్మా."

నెల తిరక్కుండా ట్రస్టీ మిసెస్ ప్రూయిట్ తనిఖీకి వచ్చారు. మార్నా తెర వెనక్కి వెళ్ళి కోటూ బ్యాడ్జీ మార్చుకోవడం, ఇవతలికి వచ్చి చేయి కలపడం. అలా నాలుగుసార్లు.

"మీ అక్కచెల్లెళ్ళంతా ఇక్కడే పనిచేస్తున్నారా?" ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఆదర్శ కుటుంబమండీ," అన్నారు రస్ గారు.

వారంలో నివేదిక వచ్చింది: సిబ్బంది అవసరానికి మించి ఉన్నారు, బంధుప్రీతి కూడా కనబడుతోంది, సగం మందిని తొలగించాలి.

రస్ గారు గుండె రాయి చేసుకుని మార్నాను పిలిచారు. "నీలో ఇద్దరు పోయారమ్మా. త్రో, సాఫ్ట్‌బాల్."

"త్రో ఒక్కటే కదండీ నాకు వచ్చింది! రోయింగ్ తీసెయ్యండి."

"రోయింగ్‌నా? పైసా ఖర్చు లేదు, ఇంతవరకు ఒక్క పోటీ ఓడలేదు. ఏ ముఖం పెట్టుకుని తీసెయ్యమంటావు?"

జీతం సగమై తొమ్మిది వేలకు దిగింది. పదవులు పెరిగినప్పుడు పెరగలేదు కదా అంటే, "అది గౌరవం, ఇది పొదుపు," అన్నారు.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. త్రో కోచ్ మార్నా లేని లోటు తీరనిదని ప్రెసిడెంట్ గారు గద్గద స్వరంతో అన్నారు. ఉండిపోయినవాళ్ళ తరఫున రెండు మాటలు మాట్లాడమని ఆమెనే పిలిచారు. "ఆవిడ చాలా మంచిది. పక్కనే ఉన్నట్టుంది," అంది మార్నా. కేకు ముట్టకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు మామూలుగానే మైదానంలో ఓడెట్ పక్కన నిలబడింది. రస్ గారు రొప్పుతూ వచ్చారు.

"ఏమిటమ్మా ఇది? త్రో విభాగంలో నీకేం పని?"

"రోయింగేనండీ. లంగరు విసరడం నేర్పుతున్నాను."

ఆయన క్షణం ఆలోచించి, "నేలమీదా?"

"నీళ్ళొచ్చేదాకా."

ఇందులో తప్పు పట్టడానికి ఏ నిబంధనా దొరకలేదు. వెళ్ళిపోయారు.

మే నెలలో ఓడెట్ మూడడుగులు కాదు, అయిదడుగులు ఎక్కువ విసిరింది. అరుస్తూ వచ్చి మార్నాను వాటేసుకుని గిర్రున తిప్పేసింది. జాతీయ పోటీలకు బస్సు మార్నాయే తోలింది.

సగం సిబ్బందితో ఇంతటి ఘనత సాధించినందుకు ట్రస్టీలు రస్ గారిని శాలువాకు బదులు చెక్కుతో సత్కరించారు. ఆయన జీతం ఏడాదికి తొమ్మిది వేల డాలర్లు పెరిగింది.