అరమార్కు ఎక్కువొచ్చిన బండి

లోకంలో బండి కొన్నవాళ్లంతా తొందరపాటు మనుషులు. కొనకుండా పోల్చి చూసేవాళ్లే అసలైన జ్ఞానులు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. మీ గుమ్మం ముందు ఇప్పటికే ఏ స్కూటరో ఉండి ఉంటుంది, అందుకని నచ్చదు. ఏం చూసి కొన్నారండీ దాన్ని? రంగు చూసి! బావమరిది బాగుందన్నాడని! కాస్త సిగ్గుపడండి.

రెంటచింతల యేసుపాదం మాస్టారు అలాంటి పని చెయ్యలేదు. ముప్ఫై రెండేళ్లు పిల్లల పేపర్లు దిద్ది, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. జేబులో ఎర్రసిరా పెన్ను లేకుండా గుడికి ప్రార్థనకి కూడా వెళ్లడు. ఎనభై ఎనిమిది జనవరిలో ఆయన ఒక డీజిల్ పికప్ కొనాలని నిశ్చయించాడు. నిశ్చయించింది ఆయనే గానీ, బండి కావలసింది ఆయన భార్య హన్నమ్మకి.

హన్నమ్మది కూరగాయల బేరం. బావి కింద రెండెకరాల్లో వంగ, బెండ, దోస పండించి, పక్కింటి కాంతమ్మని తోడు తీసుకుని, పెందలాడే మాచర్ల మార్కెట్లో దించాలి. పదిహేనేళ్లుగా మొదటి బస్సే వాళ్లకి దిక్కు. గంప నెత్తిన పెట్టుకుని, బస్సు వెనక నిచ్చెన పట్టుకుని టాపు మీదికెక్కడం, దిగి ఇంకో గంప అందుకోవడం. రోజుకి పన్నెండు గంపలు. ఆ ఎక్కడం దిగడంలో కుడి భుజం కాస్తా పాడైంది. ‘ఈ చేత్తో నడుము పైకి బరువెత్తావో, ఇక చెయ్యి నీది కాదమ్మా’ అని డాక్టరు చెప్పేశాడు. ఇక రెంటచింతల ఎండల సంగతి వేరే చెప్పాలా? ఆ ఎండలు ముదిరాక నిచ్చెనెక్కితే చెయ్యే కాదు, మనిషే దక్కదు.

అందుకే మొదటి రోజే మొగుడికి విడమరిచి చెప్పింది.

“ఏ బండన్నా కానియ్యయ్యా. నాకు కావాల్సింది ఒకటే. గంప పెట్టేటప్పుడు నా చెయ్యి నడుము దాటి పైకి లెయ్యకూడదు. ఎండలు ముదిరేలోపల తీసుకురా.”

మాస్టారు విన్నాడు. తలూపాడు కూడా. కానీ రాసుకోలేదు! పెళ్లాం చెప్పింది రాసుకుంటే అది పరీక్ష ఎట్లా అవుతుంది? పేపరు లీకవ్వడం అవుతుంది గానీ!

నరసరావుపేటలో ఆ రోజుల్లో రెండు రకాల పికప్‌ల మీద జనం మోజు పడేవారు. ఒకటి గజరాజ్, రెండోది హిరణ్. గజరాజ్ ఎత్తైన బండి. దాని వెనక తొట్టి మనిషి రొమ్ము దాకా వస్తుంది. హిరణ్ కాస్త కురచ, తొట్టి నడుము దగ్గరే ఉంటుంది. ఇంకేం, ఇక్కడే తేలిపోయిందిగా అంటున్నారా? ఇందుకే మీరు హెడ్మాస్టర్లు కాలేకపోయారు!

మాస్టారు తెల్లకాగితాల పుస్తకం కుట్టి, మధ్యలో నిలువుగీత కొట్టి, ఒక్కో బండికీ ఒక్కో వైపు ఇచ్చాడు. పది అంశాలు, అంశానికి పది మార్కులు. ఇంజనుకి పది, మైలేజీకి పది, బ్రేకులకి పది, హారనుకి పది. హారనుకీ పదేనా అని నవ్వకండి. బండి ఊళ్లోకి వస్తుంటే ఇన్‌స్పెక్షనుకి పైఅధికారి వచ్చినట్టుండాలా, సోడాబండి వచ్చినట్టుండాలా? సత్ప్రవర్తనకి ఇంకో పది. ఇనుముకి సత్ప్రవర్తన ఏమిటంటారా? గజరాజ్ ఏజెంటు మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు, తొమ్మిది. హిరణ్ ఏజెంటు కూర్చునే ‘రండి రండి’ అన్నాడు, మూడు. డ్రైవరు పక్కన కూర్చునే సీటుకి పది. ఆ సీట్లో కూర్చునేది ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

సంగతి ఊళ్లో పొక్కింది. టీకొట్టు దగ్గర రోజూ చర్చే. సైకిలుకి కూడా నోచుకోని ఒక పెద్దమనిషి గేరుబాక్సు మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ చెవులు రిక్కించి విన్నారు. వినరా మరి? బండి ఉన్నవాడు చెబితే అందులో స్వార్థం ఉంటుంది. ఏమీ లేనివాడి సలహా ఎంత స్వచ్ఛంగా ఉంటుంది!

ఫిబ్రవరిలో మైలేజీ పరీక్ష. రెండు బండ్లనీ నరసరావుపేట నుంచి ఎడ్లపాడు వైపు లీటరు డీజిల్‌తో ఎంత దూరం పోతాయో తోలించి చూశాడు. హిరణ్ రెండు ఫర్లాంగులు ముందుంది. అయితే ఆ పూట గాలి వెనక నుంచి కొట్టిందేమోనని మాస్టారికి అనుమానం! మర్నాడు అటు నుంచి ఇటు తోలించాడు. ఈసారి గజరాజ్ రెండు ఫర్లాంగులు ముందుంది. న్యాయమంటే ఇదీ! నెల్లాళ్లు గడిచాయి, ఎవరికీ అన్యాయం జరగలేదు, ఏమీ తేలలేదు.

మార్చిలో మాచర్ల మెకానిక్ మౌలాలీ దగ్గరికి వెళ్లాడు. మౌలాలీ ఒకప్పుడు ఆయన దగ్గరే చదివాడు. ఏడో తరగతి లెక్కల్లో ముప్ఫై నాలుగున్నర వచ్చాయి. ‘ఆ అరమార్కు వేసి నా కొడుకుని గట్టెక్కించండి బాబూ’ అని వాళ్లమ్మ హలీమా బడి గుమ్మంలో నిలబడి బతిమాలినా మాస్టారు కరగలేదు. ఆ దెబ్బకి మౌలాలీ స్పానరు పట్టాడు.

“ఒరేయ్ మౌలాలీ, రెండిట్లో ఏది మేలురా?”

“రెండూ మంచియ్యే మాస్టారూ. ఏది తెచ్చినా రిపేరు చేసేది నేనేగా! ఇంతకీ సరుకెత్తేది ఎవరు?”

“మీ హన్నమ్మక్కే. ఏం?”

“అయితే నన్నడుగుతారేంది? అక్కని తీస్కపోయి రెండు బండ్ల ఎనకమాల నిలబెట్టండి. అయిదు నిమిషాల్లో తేలిపోద్ది.”

మాస్టారు జాలిగా నవ్వాడు. “అందుకేరా నువ్వు ఏడు తప్పావు. అయిదు నిమిషాల్లో తేలిపోయేదాన్ని పరీక్ష అంటార్రా?”

ఏప్రిల్ వచ్చింది. రెంటచింతలలో పొద్దున ఎనిమిదింటికే రాళ్లు కాలుతున్నాయి. హన్నమ్మ చెయ్యి ఇప్పుడు జడ వేసుకోవడానికి కూడా లేవడం లేదు. రోజూ కాంతమ్మ వచ్చి జడేసి పోతోంది. గంపలు పన్నెండు కాస్తా ఏడైనాయి. కొయ్యలేని బెండకాయలు చేలోనే ముదిరి గేదెల పాలవుతున్నాయి.

“ఏందయ్యా, ఇంకా ఎన్నాళ్లు? కాయలు నీ మార్కుల కోసం ఆగుతయ్యా?” అంది హన్నమ్మ.

“వాల్యుయేషన్ జరుగుతుంటే మధ్యలో మాట్లాడకూడదే,” అన్నాడు మాస్టారు, కళ్లజోడు సవరించుకుంటూ.

“అన్నయ్యా, పోనీ ఏదో ఒకటి తెద్దురూ. దీని చెయ్యి చూస్తంటే నాకు కడుపు తరుక్కపోతంది,” అంది కాంతమ్మ.

ఏదో ఒకటి! వినండి ఆ మాట! మన దేశం ఇంకా ఇట్లా ఉండటానికి కారణం ఈ ‘ఏదో ఒకటి’ కాదూ?

ఆఖరికి మార్కులు కూడాడు. గజరాజ్‌కి డెబ్బై ఒకటిన్నర. హిరణ్‌కి డెబ్బై ఒకటిన్నర! ఇంకొకడైతే బొమ్మా బొరుసా వేసి తేల్చేసేవాడు. మాస్టారు మాత్రం మూడుసార్లు తిరిగి కూడాడు. అప్పటికీ తేలకపోతే సప్లిమెంటరీ పెట్టాడు.

సెలవులకి మూసిన బడి ఆవరణలో రెండు బండ్లనీ పక్కపక్కన నిలబెట్టించాడు. తాను కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. ఏజెంట్లు తెచ్చిన ఆరడుగుల కూలీలు రెండు బండ్లకీ ఇటుకలు నింపారు. రెండూ ఒకే వేళకి నిండాయి. ఆ పొద్దు హన్నమ్మని కూడా పిలిచి ఉండవలసింది గానీ, పాపం ఆవిడ మాచర్ల బస్సు నిచ్చెన మీద ఉంది.

మాస్టారు గొడుగు కింద నుంచి రెండు బండ్లనీ తేరిపార చూశాడు. డ్రిల్లు పీరియడ్‌లో పొట్టి పిల్లాడి పక్కన పొడుగు పిల్లాడు నిలబడ్డట్టు కనిపించాయి. జెండా పట్టుకోవడానికి ఎవరిని పిలుస్తాం? పొడుగువాణ్ణే కదా! ‘విగ్రహం’ అని కొత్త అంశం రాసి, గజరాజ్‌కి ఎర్రసిరాతో అరమార్కు వేశాడు. చూశారా, హన్నమ్మ వద్దన్న ఎత్తుకే మార్కు పడింది!

గజరాజ్ పాసైంది. హిరణ్ తప్పింది.

మే నెల రెండోవారంలో మౌలాలీయే బండిని నరసరావుపేట నుంచి తోలుకొచ్చాడు. ఫాదరు గారు ప్రార్థన చేసి దీవించారు. బంతిపూల దండ వేశారు. హారను మోగిస్తే వీధి వీధంతా బయటికొచ్చింది. పదికి పది ఊరికే వెయ్యలేదు!

మర్నాడు పొద్దున్నే గంపలు తెచ్చి బండి వెనక దించారు. మాస్టారు అప్పటికే డ్రైవరు పక్క సీట్లో సర్దుకు కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర మౌలాలీ ఉన్నాడు. హన్నమ్మ, కాంతమ్మ చెరో పక్కా వంకాయల గంప పట్టుకున్నారు. మోకాలి దాకా లేపారు, నడుము దాకా లేపారు. అక్కడ హన్నమ్మ చెయ్యి నిలిచిపోయింది. తొట్టి ఇంకా మూరెడు పైన ఉంది. కాంతమ్మ దమ్ము పట్టి తన వైపు లేపింది. గంప ఒరిగి, వంకాయలన్నీ బజారున దొర్లాయి.

“ఏమే, ఎంతసేపు?” అన్నాడు మాస్టారు, తల బయటికి పెట్టి.

హన్నమ్మ భుజం పట్టుకుని అట్లాగే నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నొప్పికో ఒళ్లుమంటకో ఆమెకే తెలియాలి.

“నాలుగు నెలలు మార్కులేశావే, గంపెత్తేదానికి ఎన్నేశావయ్యా?”

మాస్టారు పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. హారను ఉంది, సీటు ఉంది, సత్ప్రవర్తన ఉంది. ఆమె అడిగింది లేదు.

“ఆ బస్సుకి నిచ్చెనన్నా ఉంది గదయ్యా!” అంది హన్నమ్మ.

మౌలాలీ కిందికి దిగి వంకాయలు ఏరుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. “ఆ అరమార్కేదో అప్పుడు నాకేసినా పుణ్యం దక్కేది మాస్టారూ!”

ఇంకొకరైతే ఇక్కడ తల దించుకునేవారు. మాస్టారి మొహం మాత్రం ఒక్కసారిగా వెలిగింది.

“నిచ్చెన! అంతేగా? బండికి నిచ్చెన చేయిద్దాం. టేకుదైతే మేలా, తుమ్మదైతే మేలా? ఊళ్లో ఇద్దరు వడ్రంగులు ఉన్నారు...” అంటూ కొత్త పేజీ తిప్పి, మధ్యలో నిలువుగీత కొట్టాడు.

ఇంతలో మొదటి బస్సు వచ్చింది. హన్నమ్మ ఆపింది. కాంతమ్మ గంప నెత్తికెత్తడానికి సాయం పట్టింది. హన్నమ్మ ఈసారి ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కింది. బస్సు వెనకాలే, దండతో, ఖాళీ తొట్టితో, హారను మోగించుకుంటూ గజరాజ్ మాచర్ల దాకా వెళ్లింది. మాస్టారు దారి పొడుగునా టేకు గుణాలు రాసుకున్నాడు.

కాబట్టి పాఠకులారా, ఏదైనా కొనేముందు పోల్చండి. తీరిగ్గా పోల్చండి. గొడుగు నీడన కుర్చీ వేసుకుని పోల్చండి. బరువెత్తేవాళ్లని మాత్రం దగ్గరికి రానివ్వకండి, వాళ్లు అయిదు నిమిషాల్లో తేల్చేసి మీ పాండిత్యాన్ని పాడు చేస్తారు. టేకుకీ తుమ్మకీ పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది. హన్నమ్మకి ఇప్పుడు ఎడమ భుజం కూడా నొప్పి మొదలైంది. రెండు భుజాల్లో ఏది ఎక్కువ పాడైందో మాస్టారు ఇంకా పోల్చలేదు.