పదవికి జామీను

"ఇందుమూలముగా యావన్మంది సభ్యులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట అభ్యర్థి ఎవరో, ఎట్టివాడో ఆసాంతము తెలుసుకొననిదే ఏ సభ్యుడును ఓటు వేయరాదు."

1946 జూన్ నెలలో జిల్లా నుంచి ఈ సర్క్యులరు దిగిన రోజున, రైతులకు అప్పులిచ్చే రాళ్ళగుంటపాలెం పరపతి సంఘం చరిత్రలో కొత్త శకం మొదలైంది. అంతకుముందు శకంలో ఎన్నిక ఎట్లా జరిగేదంటే, ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావు గారు తమ అరుగు మీద కూర్చుని, "ఇంకెవరన్నా నిలబడతారా?" అని అడిగేవారు. అప్పటిదాకా నిలబడి ఉన్నవాళ్ళు కూడా గబగబా కూర్చునేవాళ్ళు. అట్లా పదకొండేళ్ళు ఆయన ఏకగ్రీవంగా ప్రజాసేవ చేశారు. ప్రజలూ నోరెత్తకుండా చేయించుకున్నారు.

ఆ సంఘానికి సెక్రటరీ ఆరోగ్యస్వామి మాస్టారు. పగలు మిషను బళ్ళో పిల్లలకు చదువు చెప్పడం, పొద్దు వాలాక సంఘం ఆఫీసులో కాగితాలు రాయడం ఆయన పని. సెక్రటరీగిరీకి నెలకు ఎనిమిది రూపాయలు ముట్టేవి. ఆ ఎనిమిది రూపాయల మాట అట్లా ఉంచండి. "సెక్రటరీ గారూ" అని దారిన పోయేవాళ్ళు పిలిచే పిలుపు ఉంది చూశారూ, అది రోజుకు నాలుగుసార్లన్నా చెవిన పడకపోతే మాస్టారుకి అన్నం సయించేది కాదు. ఆ ఉద్యోగం ఇచ్చేదీ ఊడబెరికేదీ ప్రెసిడెంటు గారే. కాబట్టి పదకొండేళ్ళలో మాస్టారు ఒక్కసారన్నా ఆయన మాటకు అడ్డు చెప్పి ఎరగడు. పదిమందిలో దీన్ని 'నిష్పాక్షికత' అనేవాడు. ఇంట్లో అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు మాత్రం, "దేవుడు అందరికీ వెన్నెముక ఇచ్చాడు, నాకు దస్తూరీ ఇచ్చి సరిపెట్టాడు" అని నిజం ఒప్పుకునేవాడు.

సర్క్యులరు ప్రకారం ప్రతి అభ్యర్థి వివరాలూ కాగితం మీద రాసి, వారం ముందు ఆఫీసు గోడకు అంటించి, తర్వాత మహాజనసభలో చదివి వినిపించాలి. మంచి రోజులు వచ్చాయి కాబట్టి ఈసారి అభ్యర్థులు కూడా ఇద్దరయ్యారు. పత్తి వ్యాపారం చేసే ధనుంజయరావు చేలో ప్రెసిడెంటు గారి గొడ్లు పడి మేశాయి. ఆ మర్నాటి నుంచి ధనుంజయరావుకు ప్రజాస్వామ్యం మీద నమ్మకం కుదిరింది.

చిక్కల్లా కాగితం దగ్గర వచ్చింది. యుద్ధం అయిపోయి ఏడాది కావస్తున్నా కాగితం మీద సర్కారు కంట్రోలు అయిపోలేదు, తెల్లకాగితం దొరకదు. మాస్టారు ఆఫీసు బీరువా తెరిచి చూస్తే అందులో ఉన్నవల్లా అప్పు దరఖాస్తు ఫారాలు. నూట నలభై మంది సభ్యులున్న సంఘానికి యుద్ధానికి ముందు ఎవరో మహానుభావుడు రెండు వేల ఫారాలు అచ్చువేయించి పంపాడు.

"ఫారం ఫారమే," అనుకున్నాడు మాస్టారు. "పేరు, తండ్రి పేరు, వయసు, పొలం, గొడ్లు. అప్పు కావాల్సినవాడికైనా పదవి కావాల్సినవాడికైనా ఇంతకంటే ఏముంటాయి?"

పైన 'కోరు అప్పు' అని ఉన్నచోట ఒక్క మాట కొట్టేసి 'కోరు పదవి' అని దిద్దాడు. ఇంత తెలివి తనకే పుట్టినందుకు మురిసిపోతూ ఇంటికెళ్ళి భార్య ఫిలోమినాకు చెప్పుకున్నాడు.

ఫిలోమినా బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఆ ఫారం అడుగున జామీనుదారు అని ఒకటి ఉంటదిగా?" అంది.

"అదంతా లాంఛనమే!"

"లాంఛనానికైనా సంతకం పెట్టేవాడు దొరకాలిగా, ఏందయ్యా నువ్వు!"

ఆడవాళ్ళకు పరిపాలన ఏం తెలుస్తుందిలే అని మాస్టారు కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫారం పట్టుకుని ప్రెసిడెంటు గారి అరుగు దగ్గరకు వెళ్ళాడు. ఆయన నరసరావుపేట కోర్టు వాయిదాకు బయల్దేరే తొందరలో ఉన్నారు.

"పేరు తెలుసుగా, రాయి. తండ్రి పేరూ తెలుసు, రాయి."

"కోరు పదవి, ప్రెసిడెంటు. ఏ నిమిత్తం అండీ?"

"ఏ నిమిత్తం అంటే ఏందయ్యా?"

"ఎద్దులు కొనడానికా, బావి తవ్వించడానికా, పెళ్ళి ఖర్చులకా అని ఫారంలో ఉందండీ."

"ఆ మూడూ ఎప్పుడో అయిపోయినయి. ప్రజాసేవ అని రాయి."

"ఇంతకు ముందు తీసుకున్నది ఏమన్నా ఉందా అండీ?"

"పదకొండేళ్ళ కిందటిది ఉందిగా."

"తిరిగి ఇచ్చారా?"

ప్రెసిడెంటు గారు కడుపుబ్బ నవ్వారు. "అడిగినోడెవడు?" అని బండెక్కి వెళ్ళిపోయారు.

మాస్టారు 'లేదు' అని రాశాడు. ఆ కింద 'ఎప్పటికి తిరిగి ఇత్తురు?' అని ఇంకో గడి ఉంది. అడుగుదామంటే మనిషి లేడు. ఆ గడిలో పదకొండేళ్ళుగా ప్రతి రైతుకూ మాస్టారు రాసేది ఒక్కటే మాట. చెయ్యి దానంతట అదే రాసేసింది: 'పత్తి తీత కాగానే.' రాసి, సిరా ఆరేదాకా ఊదాడు. తను రాసింది చదువుకునే అలవాటు మాస్టారుకి లేదు, అక్షరాలు గుండ్రంగా వచ్చాయో లేదో చూసుకునే అలవాటు మాత్రం ఉంది. గుండ్రంగానే వచ్చాయి.

ఫారాలు రెండూ గోడకెక్కాయి. మన ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కకొస్తారు. అప్పు ఫారం తెలియనివాడు మాత్రం ఒక్కడు లేడు. ఏ గడి తర్వాత ఏ గడి వస్తుందో, ఎక్కడ నోరు తడబడితే దరఖాస్తు తిరక్కొడతారో ఒక్కొక్కరికీ కంఠతా వచ్చు. వారం రోజుల పాటు జనం ఆ గోడ ముందు గుమిగూడి, చదవగలిగినవాడి చేత చదివించుకుని, తలలు పంకించి వెళ్ళిపోయారు. మాస్టారు అది చూసి, సభ్యుల్లో ఎంత చైతన్యం తెచ్చానురా దేవుడా అని పొంగిపోయాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మిషను బడి ఆవరణలో మహాజనసభ పెట్టారు. నరసరావుపేట నుంచి ఇన్‌స్పెక్టరు శేషగిరిరావు గారు స్వయంగా వచ్చారు. మాస్టారు లేచి రాగం తీస్తూ ప్రెసిడెంటు గారి ఫారం చదవసాగాడు. 'లేదు' అన్న మాట దాటీ దాటకముందే జట్కాబండి ఖలందర్ లేచి నిలబడ్డాడు.

"పాతది తీర్చకుండా కొత్తది ఎట్టా ఇస్తారండీ? నా గుర్రం చచ్చిపోయినప్పుడు నాకు ఈ మాట మీదేగా అప్పు ఇయ్యంది?"

"నీది అప్పు రా, ఇది పదవి," అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఫారం ఒకటేగా!"

ఇన్‌స్పెక్టరు గారు ముక్కు మీది కళ్ళద్దాలు సర్దుకుని, "వెరీ గుడ్ పాయింట్," అన్నారు. ఆయన ఉద్యోగజీవితంలో సభ్యుడు నోరు తెరవడం అదే మొదటిసారి.

మహాలక్ష్మమ్మ అని, మొగుడు పోయి రెండెకరాల కంది చేను ఒంటిచేత్తో సాగు చేసుకునే మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ కూర్చున్న చోటు నుంచే అడిగింది. "నాకు జామీను లేదని మూడేళ్ళు విత్తనాలకు తిప్పారు. ఈ బాబుకి జామీను ఎవరో చెప్పండి ముందు."

మాస్టారు ఫారం అడుక్కి చూశాడు. గడి ఖాళీగా ఉంది. జామీను లేని ఫారం చెల్లదని రూలు. ఇన్‌స్పెక్టరు గారు రూలు పుస్తకం తీసి, చెల్లదనే చదివారు.

"ఎవరన్నా ఒకరు లేవండయ్యా," అన్నారు ప్రెసిడెంటు గారు తేలిగ్గా. రోజూ ఆయన అరుగు కిందే కూర్చునే ఆదినారాయణ లేచి చేతులు కట్టుకున్నాడు. "మీకోసం ప్రాణమైనా ఇస్తానండీ. కానీ మా నాయన పోతా పోతా చెప్పాడు, ఎవరికీ జామీను ఉండొద్దని."

"మా నాయనా అదే చెప్పి పోయాడండీ," అన్నాడు ఇంకొకడు.

ప్రెసిడెంటు గారి సొంత బావమరిది గొంతు సవరించుకుని, "మా నాయన ఇంకా పోలేదు గానీ, ఆయన కూడా ఇదే చెప్తన్నాడు," అన్నాడు.

అటు చూస్తే ధనుంజయరావుకూ అదే గతి పట్టింది. వ్యాపారంలో వాటాదారు పొద్దున్నే చుట్టాలింటికని వినుకొండ వెళ్ళిపోయాడు. ధనుంజయరావు కోపమొచ్చి, నేను తప్పుకుంటున్నానని ఫారం చింపబోతే, కాగితం కంట్రోలులో ఉంది చింపొద్దని ఇన్‌స్పెక్టరు గారు మందలించారు.

అప్పుడు త్రికోటేశ్వరరావు గారి చూపు తిరిగి తిరిగి మాస్టారు మీద వాలింది.

"మాస్టారూ, నువ్వు సంతకం పెట్టు."

మాస్టారు తండ్రి నిజంగానే పోతా పోతా ఆ మాట చెప్పి పోయాడు. చెప్పని తండ్రుల పేర్లన్నీ చెప్పుకున్న సభలో, చెప్పిన తండ్రి పేరు చెప్పుకోవడానికి మాస్టారు నోరు తెరిచాడు. ప్రెసిడెంటు గారు సన్నగా దగ్గారు. 'సెక్రటరీ గారూ' అన్న పిలుపు మాస్టారు చెవుల్లో గింగురుమంది. తెరిచిన నోరు మూసుకుని సంతకం పెట్టాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి గానీ, చెయ్యి వణకలేదు. ఆ చేతికి అలవాటే.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఆ తర్వాత జరిగింది.

"మాస్టారే జామీను ఉంటే ఇంకేంది అనుమానం?" అన్నాడు ఖలందర్. "మన పిల్లలకు చదువు చెప్పే మనిషి. వాయిదాకి ఇప్పించకుండా ఉంటాడా?"

చేతులన్నీ లేచాయి. మహాలక్ష్మమ్మ కూడా మాస్టారు మొహంలోకి ఒకసారి చూసి, నెమ్మదిగా చెయ్యెత్తింది. ఆ చూపు తప్పించుకోవడానికి మాస్టారు తల దించుకుని చేతులు లెక్కపెట్టాడు. తల దించుకుని చేతులు ఎట్లా లెక్కపెట్టాడని మాత్రం అడగొద్దు. ఏకగ్రీవం అని రాశాడు.

మాఘమాసం వచ్చింది. ఒకనాటి సాయంత్రం ఖలందర్ ఆఫీసు ముందు జట్కా ఆపి లోపలికి తొంగి చూశాడు.

"సెక్రటరీ గారూ, పత్తి తీత అయిపోయింది."

"సంతోషం. అయితే ఏంది?"

"ప్రెసిడెంటు గారు పదవి తిరిగి ఎప్పుడిస్తాడంట?"

వీడికి మతి పోయిందనుకుంటూ మాస్టారు ఫైలు తీశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి తను రాసింది అర్థం చేసుకుంటూ చదివాడు. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

నలభై వేలిముద్రలతో అర్జీ వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ప్రెసిడెంటు గారు ఆయనకు కుంకుడుకాయంత జీడిపప్పులు వేసిన ఉప్మా పెట్టించి, కాఫీ తాగించి, అప్పుడు విషయంలోకి దిగారు.

"నేను ఇయ్యను. ఇయ్యకపోతే రూలు ఏం చెప్తదో చూడండి."

ఇన్‌స్పెక్టరు గారు పేజీలు తిప్పారు. "జామీనుదారు దగ్గర నుంచి రాబట్టాలి."

"మరి రాబట్టండి!"

ఇన్‌స్పెక్టరు గారు మాస్టారు వైపు తిరిగారు. "మీ దగ్గర పదవులేమున్నాయి?"

"సెక్రటరీ ఒక్కటేనండీ," అన్నాడు మాస్టారు.

"చాలు. పదవికి పదవి. బాకీ చెల్లు."

"మేం అడిగింది అది కాదండీ!" అని అరిచాడు ఖలందర్.

"ఫారం ప్రకారం రావాల్సింది ఒక పదవి. వచ్చిందా లేదా?"

నోటీసు రాయాల్సింది సెక్రటరీ కాబట్టి మాస్టారే రాశాడు. 'తమరు జామీను ఉండిన పదవి గడువు దాటినను చెల్లనందున...' అని మొదలుపెట్టి, అంచులు తిన్నగా వచ్చేట్టు రాసి, పంపినవాడిగా ఒక సంతకం, అందుకున్నవాడిగా ఒక సంతకం పెట్టి, బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టాడు. బయటికి వస్తే ఖలందర్ ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఎక్కండి మాస్టారూ, ఇంటి కాడ దింపుతా."

'సెక్రటరీ గారూ' అనలేదు. మాస్టారు గమనించాడు.

సభ్యులు అభ్యర్థులను గూర్చి తెలుసుకొనుటలోను, గడువు దాటిన పదవులను రాబట్టుటలోను రాళ్ళగుంటపాలెం జిల్లాకే ఆదర్శమని ఇన్‌స్పెక్టరు గారు రిపోర్టు రాశారు. ఖాళీ అయిన సెక్రటరీ ఉద్యోగానికి దరఖాస్తులు అదే ఫారం మీద పెట్టుకోవాలని గోడకు నోటీసు వేశారు. ఫిలోమినా వద్దని మొత్తుకుంటున్నా వినకుండా మాస్టారు ఒక ఫారం తెచ్చుకున్నాడు. ఇంతకు ముందు తీసుకున్నది ఉందా? 'ఉంది.' తిరిగి ఇచ్చారా? 'ఇచ్చితిని.' ఊరు మొత్తం మీద ఆ గడిలో ఆ మాట రాయగలిగిన మనిషి తనొక్కడే అని ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది. జామీను గడి ఒక్కటే మిగిలింది. దాని కోసం, ఎంతైనా తన మూలాన పదవి నిలిచిన మనిషి గదా అని, త్రికోటేశ్వరరావు గారి అరుగు దగ్గరకు వెళ్ళాడు.

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "దస్తూరీ ముత్యాలేనయ్యా," అని మెచ్చుకున్నారు. పక్కన కూర్చోమన్నారు. భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వంటే నాకు చానా అభిమానం మాస్టారూ. కానీ మా నాయన పోతా పోతా చెప్పాడు, ఎవరికీ జామీను ఉండొద్దని."