లాస్య వదిలేసిన వేరుశనగలు

ఆ సోమవారం పొద్దున్న సౌభాగ్య తలపెట్టిన పని చాలా చిన్నది. మధ్యాహ్నం రెండో తరగతి పిల్లలు డబ్బాలు తెరిచినప్పుడు వాళ్లలో లాస్య అనే పిల్ల దగ్గరికి ఒక్క వేరుశనగ గింజ కూడా రాకూడదు. అంతే.

సౌభాగ్య పెళ్లై బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కు కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మెట్టెలు ఇంకా వేళ్లకు అలవాటు కాలేదు. కాలనీ బడిలో టీచరు ఉద్యోగం, వంటింటి కిటికీలోంచి కనిపించే గూడ్సు బండ్లు, డీజిల్ షెడ్డులో డ్యూటీ దిగి భర్త శివాజీ పొట్లం కట్టి తెచ్చే జిలేబీ, అన్నీ ఆమెకు పండగే. ఆ సంబరాల మధ్య ఒక్కటే భయం. కిందటి వారం లాస్య పక్కపిల్ల డబ్బాలోని వేరుశనగ పచ్చడి వేలితో నాకింది. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, ఊపిరి బిగిసింది. సౌభాగ్య పిల్లను రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. మళ్లీ తింటే ఇక్కడిదాకా తెచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

హెడ్మాస్టరు విశ్వనాథం గారు అంతా విని, రోజూ కొంచెం తినిపిస్తే అదే అలవాటవుతుందన్నారు. తల్లులు తమ వంటకు వంకపెట్టినట్టు మొహాలు ముడుచుకున్నారు.

"మా పచ్చట్లో ఇసం కలుపుతామేటి టీచరమ్మా?" అంది ఉషారాణి. ఆవిడ కొడుకూ అదే తరగతి.

సాయంత్రం అత్తగారు కనకమహాలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఎందుకలా ఉన్నావని అడిగింది. లాస్య వేరుశనగలు ముట్టకూడదని, ఎవరూ పెట్టకూడదని, దగ్గరకే తేకూడదని సౌభాగ్య ముక్తసరిగా చెప్పింది. అత్తగారి చేతులు ఆగాయి. ఆవిడ పుట్టిపెరిగిన విజయనగరం వైపు అంత నిష్ఠగా ఒక తిండి వదిలెయ్యడానికి ఒకటే కారణం ఉంటుంది.

"అచ్ఛా, అమ్మోరికి మొక్కుకున్నారేటి? ముందే చెప్పకూడదేటే?"

సౌభాగ్య కాదనబోయింది. ఉషారాణి మొహం గుర్తొచ్చి నోరు మూసుకుంది.

తెల్లారేసరికి కాలనీ అంతటికీ తెలిసిపోయింది. ఏ డబ్బాలోనూ వేరుశనగ లేదు. తల్లులు డబ్బాలను చింతపండుతో తోమి పంపారు. లాస్యను ముట్టుకునే ముందు పిల్లలు చేతులు కడుక్కున్నారు. గేటు దగ్గర బండివాడు వేయించిన శనగలకు మారిపోయాడు. లాస్య తల్లి, తామెప్పుడూ మొక్కలేదే అని తెల్లబోయి, బిడ్డ క్షేమంగా ఉంది కదా అని ఊరుకుంది.

కానీ మొక్కు ఊరుకోలేదు. పరీక్షలు గట్టెక్కాలని ఉషారాణి కొడుకు చేత కూడా వేరుశనగలు మాన్పించింది. బదిలీ ఆగాలని విశ్వనాథం గారూ మానేసి, మంచి శకునమని పొద్దున్నే లాస్యకు ఎదురొచ్చి నిలబడసాగారు. పిల్ల గంభీరంగా తల ఊపేది.

శుక్రవారం సౌభాగ్య బడికి వెళ్లేసరికి ప్రార్థన జరిగే ఆవరణలో ముగ్గు వేసి ఉంది. పీట మీద పట్టులంగాలో లాస్య, పక్కన కనకమహాలక్ష్మి, ఆవిడ ముందు బేసిన్ నిండా వేరుశనగ ఉండలు. రాత్రే ఉషారాణి ఇంట్లో పాకం పట్టారట. లాస్య తల్లి మస్తూరీలో బంధువులింటికి వెళ్తూ, పిల్లను చూడమని కనకమహాలక్ష్మికే అప్పజెప్పిందట. వదిలిన తిండిని కొత్త పెళ్లికూతురు తన చేత్తో తినిపిస్తేనే మొక్కు తీరుతుందని అత్తగారు వివరించి, కోడలి అరచేతిలో ఒక ఉండ పెట్టింది.

"అమ్మోరు తినమంటే ఏం కాదట కదా, టీచర్?" అని లాస్య నోరు తెరిచింది.

ఉండ ఇంకా వెచ్చగానే ఉంది. సౌభాగ్య దాన్ని బేసిన్‌లో వదిలేసి, చేతులు వెనక్కి పెట్టుకుని, పిల్లకూ బేసిన్‌కూ మధ్య నిలబడింది.

"ఇది మొక్కు కాదత్తయ్యా. మీరు అలా అనుకుంటే నేనే ఊరుకున్నాను. ఇది తింటే పిల్లకి ఊపిరాడదు. ఆస్పత్రికి చేరేలోపే పోవచ్చు."

విశ్వనాథం గారు తన బదిలీ కళ్లముందే ఖాయమైపోయినట్టు కుర్చీలో కూలబడ్డారు.

"అయితే మావోడు ఉత్తినే మానేశాడేటి?" అంది ఉషారాణి.

కనకమహాలక్ష్మి పిల్లను చూసింది, అడ్డంగా నిలబడ్డ కోడలిని చూసింది. తరవాత గొంతు సవరించుకుంది.

"కాశీ ఎల్లి వంకాయ వదిలినోల్లు తిరిగొచ్చి తింటారేటి? ఈ పిల్ల ఈ జన్మకి వదిలేసింది. దీనికి పెట్టినోల్లకే ఆ పాపం. ముందా బేసిన్ ఎత్తండి. అందరూ చేతులు కడుక్కోండి."

విశ్వనాథం గారే ముందు లేచి కొళాయి దగ్గరకు నడిచారు. కనకమహాలక్ష్మి కోడలి చెవిలో మాత్రం, మొదటే చెప్పి ఉంటే తనకు పాకం పట్టే బాధ తప్పేది కదా అంది.

అమ్మోరి పేరున చేసిన ఉండల్ని పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పక, డీజిల్ షెడ్డుకు పంపేశారు. శివాజీ వాటిని ఎంతో భక్తిగా తిన్నాడు. ఆ వారమంతా ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కొచ్చినా, భార్య చెయ్యి పట్టుకోవడానికి మాత్రం అతనికి అనుమతి దొరకలేదు.