గోడ వెనక ఉద్యోగిపై మా పాఠకుల అభిప్రాయం

ప్రపంచాన్ని మేల్కొలపవలసిన బాధ్యత ప్రతి తరంలోనూ ఎవరో ఒకరి మీద పడుతుంది. మా తరంలో అది గోదావరిఖనిలోని ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నా మీద, అంటే మంథని త్రివిక్రమ్ మీద పడింది. (ఈ సంగతి ప్రపంచానికి ఇంకా తెలియదు.)

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. డిగ్రీలో చదివిన ఓ పాత విదేశీ నవలను మళ్లీ చదివి వణికిపోయాను. ఆ నవలలోని దేశంలో ప్రతి ఇంటి గోడ వెనకా ఒక సర్కారీ ఉద్యోగి కూర్చుంటాడు. లోపలివాళ్ల ప్రతి మాటా విని, రాసి, పైకి పంపుతాడు. ఇంతటి ఘోరాన్ని జనానికి చెప్పకపోతే ఎలా అని కార్మికుల కాలనీ రీడింగ్ రూములో 'చైతన్య పఠన మండలి' స్థాపించాను. అధ్యక్షుడు, కార్యదర్శి, వక్త నేనే. ఆదివారం సాయంత్రాలు నవలను తెలుగులో చెబుతూ చదివేవాణ్ని. జనం బాగానే వచ్చేవారు. (ఆ గదిలో ఫ్యాను తిరిగేది.)

గోడ వెనక ఉద్యోగి ప్రవేశించే ఘట్టం చదివి, శ్రోతలు భయపడేందుకు వీలుగా కాసేపు ఆగాను.

ముందు వరసలో సారవ్వ ఉంది. ఓపెన్‌కాస్టు గని పక్క ఊరామె. గనిలో పేలుళ్లు జరిగినప్పుడల్లా ఆమె ఇంటి గోడలో పగుళ్లు ఇంకాస్త విచ్చుకునేవి.

"రోజూ వింటడా సారూ?" అని అడిగింది.

"రోజూ వింటడవ్వా."

"పండుగ నాడు గూడ?"

"పండుగ నాడు గూడ. ఒక్క మాట ఇడిసిపెట్టడు. అన్నీ రాసుకుంటడు."

సారవ్వ ఆలోచించింది. "మంచోడు," అంది.

దీన్ని నిరంకుశత్వం అంటారని వివరించాను.

"నా గోడ పర్రెలు వాసిందని తిరగని ఆఫీసు లేదు. రేపు రా అనుడే గని, ఒక్కడన్న కాయిదం మీద పెట్టిండా?" అని నన్నే నిలదీసింది.

వెనక నుంచి భూగర్భ గనిలో పనిచేసే ముత్యం చెయ్యెత్తాడు. స్వేచ్ఛ గురించి అడుగుతాడని ఆశపడ్డాను.

"ఆ గోడెనుక నౌకరీ పర్మనెంటా సారూ, కాంట్రాక్టా? నీడ పట్టున పని. మా పిలగాడు ఇంటరు పాసైండు."

రచయిత ఈ విషయాన్ని స్పష్టం చేయలేదని ఒప్పుకున్నాను.

మరుసటి ఆదివారం, కథానాయకుడు భయంతో మాటలు మానేసి భార్యతో సైగలు చేసే ఘట్టం. ఆ సైగలు నేనే చేసి చూపించాను.

"వినేటోడు దొరికినంక ఎవడన్న నోరు మూసుకుంటడా!" అని సారవ్వ కథానాయకుణ్ణి తీసిపారేసింది.

అప్పుడే మండలికి గొప్ప గౌరవం దక్కింది. మా సమావేశాల మీద ఎవరో పైకి ఫిర్యాదు చేశారట. మఫ్టీలో లింగమూర్తి అనే పోలీసు మనిషి వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని రాసుకోసాగాడు. ఇన్నాళ్లకు ప్రమాదకరమైన వ్యక్తినయ్యాను! ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను (ఫొటో తీస్తే పనికొస్తుంది). నన్ను తీసుకుపోతే ధైర్యంగా ఉండమని మా ఆవిడ మనీషకు చెప్పాను.

"పోయేముందు పాల పాకెట్ తెచ్చిపెట్టి పోండ్రి," అంది.

ఆ ఆదివారం పిడికిలి బిగించి గర్జించాను. "మన ప్రతి మాటనూ ఎవరో రాసుకుంటున్నారు!"

సారవ్వ వెనక్కి తిరిగింది. లింగమూర్తి కలం కదులుతోంది. లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

"రాస్తున్నవా బిడ్డా? రాయి. పేరు సారవ్వ. పడమటి గోడ చెయ్యి దూరేటంత పలిగింది. వాన పడితే మనుమరాలిని సంకనేసుకొని బయటనే కూసుంట. ఎప్పుడు మీద పడ్తదో ఏమో."

లింగమూర్తి అటూ ఇటూ చూశాడు. తర్వాత తల వంచుకుని రాశాడు. ఆమె వెనక ముత్యం నిలబడ్డాడు, వాళ్ల గల్లీలో పొంగిపొర్లే మోరీ గురించి. అతని వెనక మిగతావాళ్లు వరస కట్టారు. నేను నవల చదువుతూనే ఉన్నాను.

నెల తిరక్కుండా గని ఇంజనీరు జీపులో వచ్చి గోడ చూశాడు. పైనుంచి రిపోర్టు వచ్చిందన్నాడట. వానలకు ముందే కొత్త గోడ లేచింది. సారవ్వ సర్వపిండి చేసి లింగమూర్తికి పెట్టింది. (నాకూ ఓ ముక్క దొరికింది.)

అతనికి బదిలీ అయిన రోజు పక్కకు పిలిచాను. "నా గురించి ఏం రాసిన్రు? ఫికర్ లేదు, చెప్పున్రి."

"మీ గురించా సార్?" అని లింగమూర్తి గుర్తు చేసుకున్నాడు. "'ఒకాయన చదువుతుంటడు. ఎవ్వరు వినరు. ముప్పేం లేదు' అని రాసిన."

కనీసం పేరైనా చేర్చమని బతిమాలాను. అవసరం లేని వివరాలు రాస్తే పైవాళ్లు కోప్పడతారన్నాడు.