సౌనా గోడ మీద ఎర్ర బటన్

ఆ శనివారం ఉదయం పిహ్లా పెట్టుకున్న పని చాలా చిన్నది. తాంపెరే నగరంలో వాళ్లుండే భవనానికంతటికీ కింద ఒకే సౌనా, అంటే పొయ్యి వేడితో ఆవిరిస్నానం చేసే గది. దాని ముందుగది గోడకు కొత్తగా ఒక తెర బిగించారు. తను గీసిన రెండు బటన్లను ఆ తెర మీదికి ఎక్కించి, పైకొచ్చి కాఫీ తాగాలి. అంతే.

తెరల మీద బటన్లు గీయడమే ఆమె ఉద్యోగం. ఏది కొట్టొచ్చినట్టు కనపడాలి, ఏది ఒదిగి ఉండాలి అని చాలానే ఆలోచించింది. ప్రాణం కంటే ముఖ్యమైనదేముంది? అందుకే 'సహాయం' బటన్‌ను ఎర్రగా, గుండ్రంగా, అరచేతంత చేసింది. 'పొయ్యి వెలిగించు' అన్నదాన్ని బూడిదరంగు సన్నగీతలో నాజూగ్గా ఓ మూలకు సర్దింది.

ఒక్క సంగతి మరిచిపోయింది. సౌనాకు వెళ్లేవాళ్లు బట్టలతోపాటు కళ్లజోళ్లు కూడా తీసేస్తారు.

మధ్యాహ్నం భవన సంఘం అధ్యక్షుడు రైమో దిగాడు. రిటైరైన రైలు డ్రైవరు. కళ్లజోడు తీసి చూస్తే ఆయనకు కనపడింది ఎర్రటి ముద్ద ఒక్కటే. నిప్పు రంగు కదా అని నొక్కాడు. పైన అందరి ఫోన్లూ ఒక్కసారిగా గగ్గోలు పెట్టాయి: 'సౌనాలో ప్రమాదం!'

ముందుగా మూడో అంతస్తు అయిలి అవ్వ బకెట్ నీళ్లతో ఊడిపడింది.

"ఏమైంది రైమో? గుండెనొప్పా?"

"నా గుండెకేం, దివ్యంగా ఉంది! ఈ పొయ్యే వేడెక్కి చావట్లేదు."

"గట్టిగా నొక్కావా?"

హడావుడిలో ఆవిడా కళ్లజోడు ఇంట్లోనే వదిలేసింది. తనే గట్టిగా మూడుసార్లు నొక్కింది. దాంతో గొడ్డలితో ఒకరు, మందుల పెట్టెతో ఒకరు, భవనం మొత్తం ఆ ఇరుకు గదిలోకి వచ్చి పడింది. వచ్చిన ప్రతివాళ్లూ పొయ్యి సంగతి విని, "ఏదీ, నేను చూస్తానుండు" అంటూ ఎదురుగా కనపడ్డ ఎర్రదాన్నే ఓ నొక్కు నొక్కారు. చివరికెవరో భయపడి ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చింది. అప్పటికి రైమో అయిలి అవ్వ బకెట్‌ను అడ్డం పెట్టుకుని మూలన నిలబడ్డాడు.

"పెద్దాయనా, నిప్పెక్కడ?" అన్నాడు ఫైర్‌మన్.

"మేమూ దానికోసమే వెతుకుతున్నాం బాబూ!"

పిహ్లాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రమే రెండింటినీ తారుమారు చేసింది. పొయ్యి బటన్ ఎర్రగా, పెద్దగా వెలిగింది. 'సహాయం' బూడిదరంగులో మూలకు చేరింది.

ఆదివారం పిహ్లా వంతు. స్నానం ముగించి ముందుగదిలోకొచ్చి, బయటికెళ్లే తలుపు లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. కళ్లజోడేమో ఇంట్లో. తడి వేళ్లతో తెరంతా తడిమింది. తగిలింది ఎర్రదే. నొక్కిన ప్రతిసారీ పొయ్యి మరింత రాజుకుంది.

"లోపలెవరు?" బయటినుంచి అయిలి అవ్వ గొంతు.

"నేనవ్వా, పిహ్లాని! తలుపు తియ్యి! సహాయం బటన్ ఎక్కడుందో కనపడట్లేదు!"

"ఏ తలతిక్కవాడు గీశాడే దాన్ని?"

పిహ్లా తెర మీంచి వేలు తీసేసింది.

"నేనే."

"పోన్లే. వేడి బాగా పుట్టిందా?"

"ఉడికిపోతున్నాను!"

"అయితే ఉండు, తువ్వాలు తెచ్చుకుని వస్తా."

మర్నాడు ఆ గోడకు ఇత్తడి గంట ఒకటి వేలాడింది. దాని ఆకారం గురించి ఎవరూ పిహ్లాను సలహా అడగలేదు.