వాగులో వదిలిన బిడ్డ

కోడలు జోలీన్ పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెబుతానన్న నాటి నుంచి వెర్నాకు తిన్నది ఒంటబట్టలేదు. ఊరి బడి వంటగదిలో వండి వండి జుట్టు నెరిసిన మనిషి ఆమె. ఇంటి చదువంటే పొద్దెక్కేదాకా పడుకోవడానికి జోలీన్ పెట్టుకున్న పేరని ఆమె అనుమానం. అందుకే మొదటి పాఠం రోజున మొక్కజొన్న రొట్టె వంకతో బయల్దేరింది. ఒక్క తప్పు దొరికితే చాలు, కొడుకు వేడ్ చెవిన వేసి పిల్లల్ని మళ్ళీ బడికి పంపించవచ్చు.

తలుపు తట్టలేదు. వంటింటి కిటికీ కింద పొదలో నక్కి చెవి ఒగ్గింది.

"బిడ్డని ఇంక ఇంట్లో దాచలేం," అంటోంది జోలీన్. "ఏడిస్తే బయటికి వినబడుతోంది. బుట్టలో పెట్టి వాగులో వదిలేద్దాం."

"మునిగిపోదా అమ్మా?" పెద్దవాడు ఎజ్రా గొంతు.

"అడుగున తారు పూశాంగా. టబితా, నువ్వు రెల్లులో దాక్కుని చూస్తుండు. ఎవరికీ కనబడకు."

ఆదివారం చర్చి తప్పని మనిషికి ఆ మాటలు ఎక్కడివో తట్టాలి. కాని వెర్నాకు తట్టింది చంటిపిల్ల ఓపల్ ఒక్కతే. వెంటనే వేడ్‌కు ఫోన్ చేసింది.

"ఒరే, నీ పెళ్ళాం పాపని వాగులో వదిలేస్తోందిరా."

కలప మిల్లు రంపాల హోరులో వేడ్‌కు వినబడింది పాప, వాగు అన్న మాటలే. అతను పాస్టర్ హాస్కెల్‌కు ఫోన్ చేశాడు. పాస్టరు ఫైరింజన్‌ను పిలిచాడు.

వెర్నా వాగు చేరేసరికి బుట్ట తేలిపోతోంది. అందులో ఓపల్ టోపీ కనబడింది. ఆమె రొట్టెతో సహా దూకేసింది. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి కాని బురద రెండు కాళ్ళనూ పట్టేసింది. బుట్టను గుండెలకు హత్తుకుని టోపీ పైకెత్తింది. కళ్ళూ ముక్కూ గీసిన గుమ్మడికాయ ఆమెను చూసి నవ్వుతోంది.

అప్పుడే ఫైరింజన్, పాస్టరు, వేడ్ వరసగా వచ్చిపడ్డారు. ఓపల్‌ను చంకనేసుకుని జోలీన్ పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, వాగులో ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు," అంది వెర్నా. "రొట్టె తెచ్చాను."

రొట్టె ఆమె పక్కనుంచే తేలిపోయింది. రెల్లులోంచి టబిత తల బయటపెట్టింది.

"అమ్మా, ఫరో కూతురు వచ్చేసింది. కానీ బాగా ముసలిది."

పాస్టరు నవ్వాపుకుంటూ అడిగితే, తల్లి బుట్టలో పెట్టి నదిలో వదిలితే ఐగుప్తు రాజు ఫరో కూతురికి దొరికిన మోషే కథంతా ఎజ్రా బైబిల్లో ఉన్నట్టే తడుముకోకుండా అప్పజెప్పాడు. "సండే స్కూల్లో ఇన్నాళ్ళు చెప్పినా వీడికి ఇంతగా ఎక్కలేదు," అన్నాడాయన.

వేడ్ తల్లి వైపు చూశాడు. "బడి గురించి ఏమో అంటున్నావు కదమ్మా?"

ఫైరింజన్ వాళ్ళు తాడు కట్టి వెర్నాను బయటికి లాగారు. గట్టెక్కాక బుట్టను తిరగేసి చూసింది.

"తారు సరిగ్గా పూయలేదు," అంది జోలీన్‌తో. "నిజం బిడ్డయితే మునిగేది. రేపు పాఠమేంటి?"

"యోనా కథ అత్తయ్యా. సముద్రంలో పడితే పెద్ద చేప మింగిందే, ఆయనది."

మర్నాడు వెర్నా అందరికంటే ముందే వచ్చి కూర్చుంది, మార్చుకోవడానికి ఒక జత పొడిబట్టలతో.